బోణీ కానీ బిడ్డా

వాళ్లు మంచివాళ్లు కాదని నేనెప్పుడన్నాను? మా అమ్మతో ఈ గొడవ ఎప్పుడు మొదలైనా ఇక్కడికొచ్చి ఆగుతుంది. "వాళ్లు ఇయ్యకపోతే పొల్ల బతుకునా?" అంటుంది. బతికేది కాదు. ఒప్పుకున్నాను. ఇంకోసారి అడిగినా ఒప్పుకుంటాను. కానీ బతికించినవాళ్లు ఆ తర్వాత ఏం చేసినా మనం నోరు మూసుకుని నిలబడాలని ఎక్కడ రాసి ఉంది? దానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పరు. "నీకు కోపం జాస్తి. పట్నంల పెరిగినవ్, ఎప్పుడూ ఫోన్లనే మొఖం పెడ్తవ్, నీకేం తెలుసు బజారు సంగతి" అంటారు. సరే, తెలిసినంతే చెప్తాను.

మా చిన్నమ్మ వాళ్లది కొల్లాపూర్ పోయే దారిలో ఒక చిన్న ఊరు. పేరు రాయను. రాస్తే అక్కడివాళ్లకు నా మీదున్న కోపం ఇంకొంచెం పెరుగుతుంది, అంతకు మించి లాభం లేదు. ఊరికి ఒకటే బజారు. బజారు నడుమ చిన్నాయనది గాజుల దుకాణం. గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్లలు, పిన్నీసులు. దుకాణం వెనకే ఇల్లు. వాళ్లకు ఒక్కతే కూతురు. నాకు చెల్లెలు వరస, నాకన్నా చాలా చిన్నది. బడికి సెలవులొస్తే నన్ను హైదరాబాద్ నుంచి అక్కడికి తోలేవారు. నేను దుకాణం మెట్ల మీద కూర్చుని ఫోన్‌కు సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందా అని చూస్తుంటే, అది బజారంతా తన ఇంటి వాకిలి అన్నట్టు తిరిగేది.

ఆ బజారులో పొద్దున షట్టర్లు లేచే వేళ ఒక పద్ధతి ఉంది. మొదటి బేరం అయ్యేదాకా, అంటే బోణీ అయ్యేదాకా, ఏ దుకాణదారూ మామూలు మనిషిలా ఉండడు. ఉద్దెర ఇవ్వడు. చిల్లర మార్చడు. దేవుడి చందాకు వచ్చినా "బోణీ కాలే, మళ్ల రా" అని పంపేస్తాడు. మొదటి నోటు చేతిలో పడ్డాక దాన్ని కళ్లకద్దుకుని, గల్లాపెట్టెకు తాకించి లోపల వేస్తాడు. అప్పుడు గానీ నవ్వడు. ఆ నోటు ఎవరి చేతి నుంచి వచ్చిందన్నది ఇంకా పెద్ద సంగతి. కొందరి చెయ్యి మంచిదంటారు. కొందరు ఎదురొస్తేనే తల తిప్పుకుంటారు.

మా చెల్లిది మంచి చెయ్యి. ఇది బజారంతా ఒప్పుకున్న మాట. అది బోణీ చేస్తే ఆ రోజు గిరాకీ ఆగదట. పొద్దున అది బజారులోకి రాగానే కిరాణం సేటు పిలిచేవాడు.

"ఓ బిడ్డా, జర ఇటు రా. ఒక చాక్లెట్ కొనుక్కపో."

"పైసల్లేవు సేటూ."

"నేనిస్త తీస్కో."

తన రూపాయే దాని చేతిలో పెట్టి, మళ్లీ దాని చేతి నుంచి తీసుకుని కళ్లకద్దుకునేవాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. "నీ రూపాయి నీకే ఇస్తే బోణీ ఎట్లయితది సేటూ?" అని ఒకసారి అడిగాను.

"రూపాయి నాదే బిడ్డా. చెయ్యి నాది కాదు గద" అన్నాడాయన.

అట్లాంటి పిల్లకు ఒక ఎండాకాలం ఒంటి మీద నీలం మచ్చలు తేలాయి. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. మహబూబ్‌నగర్‌లో చూపిస్తే పట్నం తీసుకుపొమ్మన్నారు. పట్నంలో చెప్పారు: ఒంట్లో రక్తం తయారు కావడం ఆగిపోయింది, ఎముకల్లోకి వేరేవాళ్ల మూలుగ ఎక్కించాలి, లేకపోతే లేదు. చిన్నమ్మ మూలుగ ఎక్కించొచ్చన్నారు. సర్కారు కార్డు కొంత కడుతుంది, మిగతాది మీరే చూసుకోవాలన్నారు. ఆ మిగతాది ఇల్లు, దుకాణం రెండూ అమ్మినా తేలేది కాదు.

అప్పుడు ముగ్గురూ మా ఇంట్లోనే ఉన్నారు. నేను ఫోన్ చేతిలో పట్టుకుని చిన్నాయన పక్కన కూర్చున్నాను.

"చిన్నాయనా, ఆన్‌లైన్‌ల పెడదాం. ఫొటో, దవాఖాన కాయితాలు పెడితే చాలు. ఎక్కడెక్కడోళ్లో ఇస్తరు."

"ఎక్కడోళ్లో నాకెందుకియ్యాలె బిడ్డా?"

"దినాం ఎవరికో ఒకరికి ఇస్తనే ఉంటరు."

"మొఖం తెల్వనోళ్ల ముంగట చెయ్యి చాపుడు నాతోని కాదు. బజార్ల పుట్టి, బజార్ల పెరిగినోన్ని. నాకు నా బజారు లేదా?"

ఇప్పటికీ నేను తలుచుకునేది ఈ మాటే. మొఖం తెలియనివాళ్లు ఇచ్చి మర్చిపోతారు. మొఖం తెలిసినవాళ్లు మర్చిపోరు. కానీ అప్పుడు నాకూ ఇది తట్టలేదు. ఎందుకంటే ఆయన బజారు నిజంగానే ఉంది.

ఆ ఆదివారం కిరాణం సేటు తన దుకాణం ముందు అందరినీ కూడేశాడు. బట్టల దుకాణం, మెడికల్, చాయ్ హోటల్, సైకిల్ షాపు, చెప్పుల దుకాణం, అంతా వచ్చారు. నేను చిన్నాయనతో పాటు వెళ్లాను. చందా రాయడం వద్దన్నాడు సేటు. "చందా అంటె ఒకడిస్తడు, ఒకడు ఎగ్గొడ్తడు, ఇంకొకడు మొఖం మాడ్చుకుంటడు. గదంత వద్దు. దినాం ఎవని బోణీ ఆడు డబ్బాల వేద్దాం. ఆ పొల్ల చేతి బోణీతోని తిన్నం. ఇగ మన బోణీ ఆ పొల్లకే."

బట్టల దుకాణం ఆయన గొణిగాడు. "బోణీ అంటె లచ్చిమి సేటూ. లచ్చిమిని బయటికి పంపుతరా?"

"పాణం నిలవెట్టనీకె పోతాంది రా లచ్చిమి. సినిమాకు పోతలేదు."

అందరూ నవ్వారు. ఆ మాటతో ఖాయమైపోయింది. మర్నాడు పొద్దున నేను ఫోన్ పట్టుకుని బజారంతా తిరిగాను. ప్రతి దుకాణంలో ఒక రేకు డబ్బా, దాని మీద రెండు జడలతో మా చెల్లి బడి ఫొటో. మొదటి నోటు అందుకోవడం, కళ్లకద్దుకోవడం, గల్లాపెట్టెలో కాకుండా డబ్బాలో వెయ్యడం. ఆ వీడియో ఎంత దూరం పోయిందంటే, నాకు తెలియని గ్రూపుల నుంచి తిరిగి నాకే వచ్చింది. ఊళ్లో జనం కూడా కావాలని పొద్దున్నే పెద్ద బేరాలు చేశారు. ఒక రైతు కూతురి పెళ్లిబట్టలన్నీ మొదటి బేరంగా కొన్నాడు, ఆ డబ్బంతా డబ్బాలోకి పోవాలని. అది చూసి నేను ఏడ్చాను. అట్లాంటి మనుషుల మధ్య నేను పెరగలేదే అనుకున్నాను. కొన్ని నెలలు, ఒక్క పొద్దు తప్పకుండా, ఆ బజారు తన బోణీ మా చెల్లికిచ్చింది. మూలుగ ఎక్కించారు. పిల్ల బతికింది.

జుట్టంతా రాలిపోయింది. బయట తిరగొద్దు, మాస్కు తియ్యొద్దు అన్నారు. చాలా రోజులు మా ఇంట్లోనే ఉంది. నా ఫోన్ లాక్కుని ఆ వీడియోనే మళ్లీ మళ్లీ చూసేది. "ఈయన దగ్గర ఉప్పు బఠాణీలు మంచిగుంటయ్", "ఈయన డబ్బా మీద నా ఫొటో తలకిందుల పెట్టిండు చూడక్కా" అని నవ్వేది. ఊరికి పోయినాక మొదటి బోణీ ఎవరికి చెయ్యాలన్నది దాని పెద్ద ఫికర్. "సేటుకు చేస్తే హోటల్ ఆయన నారాజైతడు. హోటల్ల చేద్దామంటే నన్ను బయటి చాయ్ తాగద్దన్నరు." దవాఖాన మంచం మీద కూడా అది ఇదే లెక్కలు వేసుకుంది. ఆ పిల్లకు బతకడం అంటే మళ్లీ ఆ బజారులో నడవడం. ఇంకేం లేదు.

ఇక్కడ ఇట్లా ఉండగా అక్కడ బజారు పడిపోయింది. ఊరి బయట నుంచి బైపాస్ వేశారు, బస్సులు లోపలికి రావడం తగ్గించాయి. బైపాస్ మీద ఏసీ మార్టు ఒకటి తెరిచారు. కొత్త జిల్లాలు అయినప్పుడు ఆఫీసులు వేరే ఊరికి పోయాయి, వాటితో పాటు వాటి పని మీద వచ్చే జనమూ పోయారు. మిగిలినవాళ్లు ఫోన్‌లో తెప్పించుకోవడం నేర్చారు. ఇవన్నీ కళ్ల ముందు ఉన్నవే. కానీ దుకాణంలో ఈగలు తోలుకుంటూ కూర్చున్నవాళ్లు వెనక్కి వెనక్కి లెక్కేసుకుని, గిరాకీ ఎప్పటినుంచి పోయిందో కనిపెట్టారు. బోణీ బయటికి పంపినప్పటినుంచి.

పిల్ల ఊరికి తిరిగొచ్చిన రోజు మాత్రం బజారు బజారంతా చాయ్ హోటల్ ముందు నిలబడింది. దండ వేశారు, శాలువా కప్పారు. గుండు మీద టోపీ, మాస్కు, ఒంటికి పెద్దదైన శాలువా, మధ్యలో రెండు కళ్లు. అందరూ ఫొటోలు దిగారు. సేటు ఏడ్చాడు. ఆ కన్నీళ్లు దొంగవి కాదు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. నాకు మింగుడుపడనిది అదే.

తర్వాత చిన్నమ్మకు ఫోన్ చేసినప్పుడల్లా చెల్లి ఇంట్లోనే ఉందనేది. "పొద్దుగాల బయటికి పంపుతలేను. సలి ఉన్నది గదా" అనేది. చలి పోయింది. ఎండలు వచ్చాయి. "ఎండ తాకుతదని" అంది. వానాకాలంలో నేనే బస్సెక్కి వెళ్లాను.

వెళ్లిన మర్నాడు పొద్దున దాని మందుగోళీలు అయిపోయాయి. తినకముందే వేసుకోవాల్సినవి. చిన్నమ్మ పొయ్యి దగ్గర ఉంది. నేను తెస్తానంటే చెల్లి కూడా వస్తానంది. జుట్టు అప్పుడప్పుడే మొలుస్తోంది. మాస్కు పెట్టుకుంది. మెడికల్ దుకాణానికి ఎదురుగా కరెంటు స్తంభం దగ్గర ఆగిపోయింది.

"ఎందుకాగినవ్?"

"బోణీ కాలే అక్కా."

"నీకెట్ల తెల్సు?"

"మొఖం జూడు. ఇంక నవ్వలే."

నాకు అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని దుకాణం ముందుకు తీసుకుపోయాను. మెడికల్ ఆయన ఊదుబత్తి వెలిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి పుల్ల ఆర్పేశాడు.

"జర అట్ల నిలవడుండ్రి బిడ్డా. ఎవరన్న ఒకరు రానీ."

"మేం వచ్చినం కదా అంకుల్."

"అట్లగాదు. బోణీ కానీ."

"ఉద్దెర అడుగుతలేను. పైసలిస్తున్న."

"నువ్వియ్యి, తీస్కుంట. నీ చేత్తోనే ఇయ్యి. ఆ పొల్లను జర అవతలికి..." అని చెయ్యి ఊపాడు. కోడిని తోలినట్టు కాదు. చాలా మెల్లగా, పసిపిల్లను ఎండలోంచి నీడకు జరిపినట్టు. అందుకే నాకు ఒళ్లు మండింది.

"అంకుల్, మీరు చదువుకున్నోళ్లు. ఆ గోళీ ఎందుకో ఇక్కడ మీకొక్కరికే తెల్సు. అది వేసుకునేదాకా ఆమె ఏం తినద్దు."

"చదువు వేరే, బోణీ వేరే. షట్టర్ కిరాయి నా చదువు కడ్తదా?"

నేను ఫోన్ ఎత్తాను. ఇది కూడా జనం చూడాలి అనుకున్నాను. చెల్లి నా మణికట్టు పట్టుకుంది.

"వద్దక్కా. నాయినను అందరు తిడ్తరు."

వీడియో తియ్యలేదు. అరిచాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. షట్టర్లు ఎత్తుతున్నవాళ్లు సగంలోనే వదిలేసి వచ్చారు. కిరాణం సేటు కూడా వచ్చాడు.

"పొద్దు పొద్దుగాల ఏం లొల్లి బిడ్డా?"

"మీరే చెప్పండి సేటూ. మీ డబ్బా మీద ఉన్న ఫొటో ఈ పిల్లదే కదా. మనిషిని ఎందుకు నిలబెట్టినరు బయట?"

"ఎవరన్న ఏమన్న అన్నరా దాన్ని? చెయ్యి చేసుకున్నరా? పావుగంట ఆగమన్నరు. పాణమే ఇచ్చినం బిడ్డా, మాకోసం పావుగంట ఇయ్యరాదా?"

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. న్యాయమైన మాట విన్నట్టు.

"ఈ చేతితోనే కదా మీరు దినాం బోణీ చేయించుకున్నది?"

 ఆయన పిల్ల వైపు చూడకుండా అన్నాడు. "అప్పటి చెయ్యి వేరు. ఇది సావు దాక పోయొచ్చిన చెయ్యి."

పక్కనే ఉంది పిల్ల. వింటోంది. నేల మీద చెప్పుతో ఏదో గీస్తోంది.

"మీ గిరాకీ బైపాస్ తిన్నది సేటూ. మార్టు తిన్నది. మీ కోడలే ఫోన్‌ల చీరలు తెప్పించుకుంటది. ఈమె ఏం చేసింది?"

"నువ్వు తెప్పించుకోవా?" అన్నాడు బట్టల దుకాణం ఆయన వెనక నుంచి. "చేతిల అదేంది మరి, పలకనా?"

అందరూ నవ్వారు. తెప్పించుకుంటాను. ఒంటి మీదున్న బట్టలు కూడా అట్లా తెప్పించుకున్నవే. అయితే నన్ను నిలబెట్టండి స్తంభం దగ్గర అన్నాను. ఎవరూ వినలేదు, ఎందుకంటే అప్పటికే చిన్నాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చి నా పక్కన నిలబడతాడనుకున్నాను. ఆయన వాళ్ల వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"సేటూ, పట్నం పొల్ల, తెల్వక అన్నది. మనసుల పెట్టుకోకుండ్రి. అన్నా, నువ్వు కూడా."

ఈ లోపల ఎవరో రైతు వచ్చి తలనొప్పి మందు కొన్నాడు. మెడికల్ ఆయన నోటు అందుకుని కళ్లకద్దుకున్నాడు. వెంటనే మొఖం విప్పారింది. "రా బిడ్డా, రా" అని చెల్లిని తనే పిలిచి గోళీలిచ్చాడు. "నీరసమున్నదా? ఇదుంచు" అని గ్లూకోజ్ డబ్బా ఒకటి ఊరికే చేతిలో పెట్టాడు. "మంచిగ తిను. మా పొల్లవు నువ్వు" అన్నాడు. అది "థాంక్స్ అంకుల్" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేనొక్కదాన్నే అక్కడ పిచ్చిదానిలా మిగిలాను.

ఇంటికొచ్చాక చిన్నాయన మీద పడ్డాను.

"వాళ్లకు దండం పెడ్తవా చిన్నాయనా?"

"నువ్వు రేపు బస్సెక్కిపోతవ్. మేం ఈడ బతకాలె."

"ఆమె బతకద్దా?"

"బతికింది గదనే." గొంతు పైకి లేచి వెంటనే తగ్గింది. "బతికింది గద. గదే సాలు నాకు."

చిన్నమ్మ రొట్టె పెనం మీద వేసి తిప్పకుండా వదిలేసింది. వాసన వస్తోంది.  ఆ కోపంలో నేను ఇంకో మాట అన్నాను. "వాళ్ల దుకాణాలు వాళ్లిష్టం. మన దుకాణం మనదే కదా. రేపటినుంచి ఆమెనే పొద్దున గల్లా కాడ కూసోబెట్టు. అందరు చూడనీ."

చిన్నాయన దుకాణం వైపు నడిచాడు. జవాబు చెల్లి చెప్పింది, గోళీ మింగి, గ్లాసు కింద పెట్టి.

"మన దుకాణంల కూడా బోణీ అయినంకనే ముందట్కి వస్తనక్కా."

నేను చిన్నమ్మను చూశాను. ఆమె రొట్టె తిప్పింది, నల్లగా మాడి ఉంది. "గాజులేసుకోనీకె వచ్చేటోళ్లు బిడ్డా" అంది. "పెండ్లోళ్లు, సీమంతపోళ్లు. పొద్దుగాల పిల్లను జూసి వాకిట్లకెల్లే మర్లిపోయిండ్రు. ఒకసారి కాదు. మీ చిన్నాయననే చెప్పిండు ఇగ, నా బంగారు గదా, బోణీ అయ్యేదాక ఎనక ఉండుమని."

"నేనే ఉంటున్న" అంది చెల్లి. "నాయిన చెప్పకముందుకెల్లే."

మర్నాడు చిన్నాయన మాటే నిజమైంది. నేను బస్సెక్కి వచ్చేశాను.

ఇప్పుడు దాని జుట్టు భుజాల దాకా పెరిగింది. మాస్కు అవసరం లేదన్నారు. పరీక్షలన్నీ బాగున్నాయి. బడికి బజారు మీదుగా కాకుండా వెనక సందులోంచి పోతుంది. ఎవరూ పొమ్మనలేదు. దగ్గర దారి అంటుంది, కాదు. సేటు దుకాణంలో ఆ డబ్బా ఇంకా ఉంది, రబ్బరు బ్యాండ్లు వేసుకుంటున్నాడు. వాళ్లు ఇప్పటికీ దానికి పండగకు బట్టలు పెడతారు. జ్వరమొస్తే దుకాణం వదిలి మరీ వచ్చి చూసిపోతారు. "మా పొల్ల" అంటారు. ఇవన్నీ దాచను.

పావుగంటే కదా, పాణం పోసినవాళ్ల కోసం ఆ మాత్రం ఆగితే ఏం పోయింది అని మీరూ అనుకుంటున్నారని తెలుసు. ఇవన్నీ మూఢనమ్మకాలు, నేనైతే నమ్మను అని కూడా అనుకుంటున్నారు. సరే. మీకూ ఒక దుకాణం ఉందనుకోండి. గిరాకీ లేదు, షట్టర్ కిరాయి దగ్గరపడింది. పొద్దున్నే షట్టర్ ఎత్తారు. ఎదురుగా మా చెల్లి రూపాయి పట్టుకుని నిలబడింది, వెనక ఇంకెవరూ లేరు. ఆ మొదటి రూపాయి దాని చేతి నుంచి తీసుకుని కళ్లకద్దుకుంటారా, లేక మీరు కూడా ప్రేమగానే జర ఆగు బిడ్డా అంటారా?